గుర్రం లెవల్ ఏడు నెలలు

చదరంగం నేర్చుకునే పిల్లల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు పర్లాకిమిడి టీచరమ్మ జవాబులు. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు. చాలా ఏళ్లుగా ఆదివారాలు తమ ఇంటి వరండాలో పిల్లలకు చెస్ నేర్పుతున్నారు. ఆవిడ పెట్టిన ఆరు లెవల్స్‌కి బంటు నుంచి రాజు దాకా పావుల పేర్లే. గుర్రం రెండోది, ఒంటె మూడోది.

ప్రశ్న: టీచరమ్మా, మా బాబుకి ఎనిమిదేళ్లు. మీ దగ్గరికే వస్తాడు. పేరు రాయను గానీ మీకు తెలిసిపోతుంది. ఏడు నెలల నుంచి గుర్రం లెవల్లోనే ఉన్నాడు. మా ఎదురింటి పిల్ల వాడి తర్వాత చేరింది, అప్పుడే ఒంటె లెవల్‌కి వెళ్లిపోయింది. ఫీజు ఇద్దరికీ ఒకటే కదా. మీరు వాడికేమైనా తక్కువ చెబుతున్నారా, లేక వాడికి బుర్ర లేదా? ఇంట్లో రోజూ ఇదే గొడవ.
— ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: తెలిసిపోయింది తల్లీ. బుర్రకేం లోటు లేదు. లోటల్లా చేతిలో ఉంది.

పోయిన ఆదివారం జరిగింది చెబుతాను. మీవాడు తెల్ల పావులతో ఆడుతున్నాడు, ఒక గుర్రం లాభంలో ఉన్నాడు. అవతలి పిల్లాడి నల్ల ఒంటె, అంటే బిషప్, నాలుగు ఎత్తుల నుంచి బీ7 గడిలో (నిలువు వరసలకి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి 1 నుంచి 8 దాకా అంకెలు) కదలకుండా కూర్చుంది. అక్కడి నుంచి ఐమూలగా చూస్తే మీవాడి ఏనుగు హెచ్1లో, మూలన. మధ్యలో అడ్డం ఉన్నది ఒక్కటే, ఎఫ్3లో వాడి గుర్రం. జీ బంటుని ముందే ఒక గడి జరిపేశాడు కాబట్టి ఆ గుర్రం లేచిందంటే దారి మొత్తం ఖాళీ. మీవాడికి ఇదంతా తెలుసు. ఆట అయ్యాక అడిగితే గడగడా చెప్పాడు. కానీ ఆటలో అవతలివాడి చెయ్యి పావు మీద నుంచి ఇంకా లేవకముందే వీడి చెయ్యి గుర్రం మీద ఉంది. టక్కున జీ5కి గెంతించాడు. ఒంటె వచ్చి ఏనుగుని తినేసి పోయింది. వీడు నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు కోపం కూడా రాదు, అదే వచ్చిన చిక్కు.

గుర్రం లెవల్ పరీక్ష సరిగ్గా దీని గురించే. ప్రతి పిల్లాడికీ నా నోట్‌బుక్కులో ఒక పేజీ, ఆ పేజీలో 'దానం' అని ఒక గడి. ఊరికే, ఏ లాభం లేకుండా ఎన్ని పావులు ఇచ్చేశాడో అక్కడ రాస్తాను. మీవాడు మొదటి నెలలో ఆటకి ఆరు దానాలు చేసేవాడు, కర్ణుడికి తమ్ముడిలాగా. ఇప్పుడు రెండు. వరసగా మూడు ఆదివారాలు ఆ గడిలో సున్నా పడితే, ఆ మూడు ఆటలూ కాగితం మీద ఎత్తులు సరిగ్గా రాసి ఉంటే, నేను ఏమీ చెప్పకుండానే ఒంటెలోకి వచ్చేస్తాడు. ఆరు నుంచి రెండుకి రావడం పెద్ద నడక. మీ ఇంట్లో గొడవ పడుతున్నవాళ్లకి ఈ రెండు అంకెలూ చెప్పండి.

ఎదురింటి పిల్ల సంగతి. ఆమె మీవాడికంటే తెలివైనదేం కాదు. పజిల్స్‌లో మీవాడే ముందు. కానీ ఆ పిల్ల రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరు నేర్పారో తెలీదు, నేనైతే కాదు. ఎత్తు వెయ్యాలంటే ముందు చెయ్యి బయటికి తియ్యాలి. ఆ తీసే రెండు క్షణాల్లో కళ్లు బోర్డు మొత్తం తిరిగొస్తాయి. ఈ వారం నుంచి మీవాడిని కూడా అలా కూర్చోబెట్టి ఇంట్లో ఆడించండి. ఎదురుగా కూర్చునేది మీరే అయితే మరీ మంచిది. ఓడిపోయినా ఫర్వాలేదు, అన్నం పెట్టేది మీరే కాబట్టి వాడు ఎక్కువ ఎగరడు.

ఇక ఈ లెవల్స్ ఎక్కడివి అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే పెట్టినవి కావు, ఆలిండియా ఫెడరేషన్‌వీ కావు. నేను పెట్టుకున్నవి. నెదర్లాండ్స్‌లో 1980ల చివరి నుంచి పిల్లలకి చదరంగాన్ని ఆరు మెట్లుగా నేర్పే పద్ధతి ఒకటి ఉంది, మెట్టుమెట్టుకీ పుస్తకం, పరీక్ష. ఆరు అనే అంకె నాకు అక్కడ నచ్చింది. పేర్లు మాత్రం మన పావులవి: బంటు, గుర్రం, ఒంటె, ఏనుగు, మంత్రి, రాజు. ఒంటెని మా నాన్నగారు శకటు అనేవారు. పిల్లలు హిందీ వీడియోలు చూసి ఊంట్, ఊంట్ అంటుంటే నేనూ ఒంటెకి దిగిపోయాను.

బంటులో పావుల నడకలు, కోట కట్టడం, దారిన పోతూ తినే ఎన్ పాసాన్, ఆట కట్టుకీ స్టేల్‌మేట్‌కీ తేడా. గుర్రం సంగతి చెప్పాను. ఒంటెలో ఫోర్కు (ఒకే పావుతో రెండింటి మీద ఒకేసారి దాడి), పిన్ను (కదిలితే వెనకున్న పెద్ద పావు పోతుందని పావు కదల్లేకపోవడం), రెండెత్తుల్లో ఆట కట్టు. ఏనుగు దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే అక్కడ బోర్డు ఖాళీ అయిపోతుంది. రాజు, ఒక బంటు, ఎదురుగా ఒంటరి రాజు. పిల్లలకి అది ఆటలాగే కనిపించదు. తెల్ల రాజు ఈ6లో, తన బంటు ఈ5లో, నల్ల రాజు ఈ8లో పెట్టి, "ఎత్తు ఎవరిదైతే గెలుస్తావు?" అని అడుగుతాను. "నాదైతే" అంటాడు ఒకడు, "వాడిదైతే" అంటాడు ఇంకొకడు. ఎవరిదైనా గెలుపే. రాజు తన బంటుకి ముందు, ఆరో వరసలో నిలబడితే చాలు, అంచు బంటు కానంతవరకూ. దీన్ని నోటితో చెప్పడం కాదు, నా మీద గెలిచి చూపించాలి. నేను ఆ ఒంటరి రాజుతో ఎంత మొండిగా తిరుగుతానో మీవాడిని అడగండి, ఏనుగు లెవల్ పిల్లల వెనక నిలబడి చూస్తుంటాడు.

మంత్రిలో గడియారం పెట్టి ఆడతారు. రాజులో తాము ఓడిన ఆటను తామే మళ్లీ ఆడి, ఎక్కడ పోయిందో నాకు పాఠం చెబుతారు. ఇప్పటివరకు రాజు దాకా వచ్చినవాళ్లు నలుగురే. అందులో ఒకడు ఇప్పుడు బరంపురంలో మెడిసిన్ చదువుతున్నాడు, చెస్ మానేశాడు. అదేం నష్టం కాదు.

సర్టిఫికెట్ ఇవ్వను. గుర్రం పాసైనవాళ్లకి ఒకటే బహుమానం. చాలా ఏళ్ల కిందట మా బోర్డులో ఒక నల్ల గుర్రం పోతే, మన ఊరి కొమ్ము పనివాళ్లలో ఒకాయన కొమ్ముతో కొత్త గుర్రం చెక్కి ఇచ్చాడు. మిగతా ప్లాస్టిక్ పావుల మధ్య అదొక్కటే నున్నగా, బరువుగా ఉంటుంది. పాసైన ఆదివారం ఆ బోర్డు మీద ఆడొచ్చు. మీవాడు ప్రతి ఆదివారం వచ్చీ రాగానే ఆ గుర్రాన్ని ఒకసారి ముట్టుకుని వెళ్లి తన చోట కూర్చుంటాడు. మీకు చెప్పలేదేమో.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఇక్కడ ఒక అకాడమీలో చేరి ఏడాదిన్నర అయింది. మూడు నెలలకోసారి లెవల్ పరీక్ష, దానికి వేరే ఫీజు, తర్వాత సర్టిఫికెట్, ట్రోఫీ. ఇప్పుడు లెవల్ 5. మొన్న స్కూల్ పోటీలో మొదటి ఆటే నాలుగెత్తుల్లో ఓడిపోయాడు. పరీక్షలో 92 మార్కులు వచ్చాయి మరి!
— ఒక తండ్రి, బరంపురం

జవాబు: మార్కులు కాగితం మీద పజిల్స్‌కి వచ్చి ఉంటాయి. కాగితం మీద "ఇక్కడ ఆట కట్టు ఉంది, కనుక్కో" అని ముందే చెప్పేస్తారు. ఆటలో ఎవరూ చెప్పరు కదా బాబూ.

అకాడమీ మంచిదా చెడ్డదా అని నేను అనను, చూడలేదు. మీరే ఇంట్లో చూసుకోండి, మీకు చెస్ రాకపోయినా ఫర్వాలేదు. ఖాళీ బోర్డు మీద అబ్బాయికి రాజు, ఒక ఏనుగు ఇవ్వండి. మీరు ఒంటరి రాజు. మీ ఇష్టం వచ్చినట్టు పారిపోండి. సరిగ్గా ఆడితే ఎంత మొండి రాజుకైనా 16 ఎత్తుల్లో ఆట కట్టేయొచ్చు. నేను పిల్లలకి 30 ఇస్తాను. మీరు 50 దాకా చూడండి, ఎందుకంటే నిజం పోటీలో ఏ పావూ తినకుండా, ఏ బంటూ కదపకుండా 50 ఎత్తులు గడిస్తే అవతలివాడు డ్రా అడగొచ్చు. అప్పటికీ కాలేదంటే లెవల్ 5 అనేది వాళ్ల రసీదు పుస్తకంలో ఉన్న అంకె.

నాలుగెత్తుల ఓటమికి కంగారు పడకండి. మంత్రి, ఒంటె కలిసి ఎఫ్7 బంటు మీద పడటం. మా వరండాలో ప్రతివాడూ ఒకసారి దానికి బలైనవాడే. రెండోసారి పడితే అప్పుడు రాయండి.

ప్రశ్న: మా పాపకి 11 ఏళ్లు. ఫిడే రేటింగ్ 1462 ఉండేది. విశాఖపట్నంలో టోర్నమెంట్‌కి తీసుకెళ్లాను, రైలు, హోటలు అన్నీ కలిపి నెల జీతంలో సగం పోయింది. ఏడు రేటెడ్ ఆటల్లో మూడు పాయింట్లే వచ్చాయి. రేటింగ్ 38 తగ్గి 1424 అయింది. అప్పటి నుంచి బోర్డు ముట్టుకోవట్లేదు. ఇంకోసారి ఇలాగే పోతే 1400 కిందికి పోయి రేటింగే ఉండదంటున్నారు, నిజమేనా? కొన్నాళ్లు రేటింగ్ టోర్నమెంట్లు మానిపించమంటారా?
— ఒక తండ్రి, రాయగడ

జవాబు: ముందు లెక్క చూద్దాం, నాకు వచ్చిన విద్య అదే.

రేటింగ్ అంటే బహుమతి కాదు, అంచనా. ఇద్దరి రేటింగుల తేడాని బట్టి ఎవరికి ఎన్ని పాయింట్లు రావాలో ముందే పట్టిక ఉంటుంది. సమానమైతే ఆటకి అర పాయింటు. మీ పాప కంటే 200 ఎక్కువ ఉన్నవాళ్లతో ఆడితే ఆమె నుంచి 0.24 మాత్రమే ఆశిస్తారు. 200 తక్కువ ఉన్నవాళ్లతో అయితే 0.76. వచ్చిన పాయింట్ల నుంచి రావాల్సినవి తీసేసి, ఆ తేడాని ఒక అంకెతో గుణిస్తారు. 18 ఏళ్ల లోపు పిల్లలకి, రేటింగ్ 2300 లోపు ఉన్నంతవరకూ, ఆ అంకె 40. 2400 ఒకసారి దాటిన పెద్దవాళ్లకి 10.

ఇప్పుడు మీ పాపది. 38ని 40తో భాగించండి, 0.95. అంటే ఆ ఏడు ఆటల్లో ఆమెకి రావాల్సింది సుమారు 3.95, వచ్చింది 3. ఒక్క పాయింటు తేడా అండీ. ఏడు ఆటల్లో ఒక ఆట. ఆ ఒక్క ఆట ఏదో పాపకి తెలుసు, అడిగి చూడండి. మిగతా ఆరు ఆటలు ఆమె తన స్థాయికి తగ్గట్టే ఆడింది.

ఈ 40 అనే అంకె పెద్దది కాబట్టే పిల్లల రేటింగ్ ఊయలలాగా ఊగుతుంది. తనతో సమానమైన అమ్మాయి మీద గెలిస్తే 20 వస్తుంది, ఓడితే 20 పోతుంది. 200 ఎక్కువ ఉన్నవాడి మీద గెలిస్తే 30 దాకా వస్తుంది, ఓడితే పోయేది పదికి లోపే. కాబట్టి బలమైనవాళ్లతో ఆడటానికి భయపడాల్సింది ఏమీ లేదు, నష్టం తక్కువ. పిల్లలకి అసలు టెన్షన్ తనకంటే తక్కువ రేటింగ్ ఉన్న బుడ్డోడు ఎదురుగా కూర్చున్నప్పుడే. ఆ బుడ్డోడి రేటింగ్ నిజంగా అంతే అనుకోవద్దు కూడా. ఇంట్లో ఆరు నెలలు నేర్చుకుని టోర్నమెంట్‌కి రానివాడు పాత అంకెతోనే తిరుగుతుంటాడు.

1400 సంగతి నిజమే. 2024 మార్చి 1 నుంచి అట్టడుగు హద్దు 1000 నుంచి 1400కి పెంచారు. అదే రోజు 2000 కంటే తక్కువ ఉన్నవాళ్లందరికీ కొంత కలిపారు కూడా. 2000కి ఎంత తక్కువ ఉంటే దానిలో పదికి నాలుగు వంతులు. 1000 ఉన్నవాడు రాత్రికి రాత్రి 1400 అయ్యాడు, 1500 ఉన్నవాడు 1700. ఆ నెలలో మా వాట్సాప్ గ్రూపులో స్వీట్లు పంచుకున్నవాళ్లని నాకు తెలుసు. ఇప్పుడు 1400 కిందికి పోతే లిస్టులో రేటింగ్ లేనివాళ్లలో చేరతారు, మళ్లీ ఆడి తెచ్చుకోవాలి. చదువు ఆగిపోయినట్టు కాదు.

మానిపించమని నేను చెప్పను. కానీ నెల జీతంలో సగం పెట్టి తీసుకెళ్తే ఆ బరువు పాప భుజం మీదే ఉంటుంది, మీరు ఒక్క మాట అనకపోయినా. రైల్లో తిరిగి వస్తూ మీ మొహం ఎలా ఉందో ఆమె విజయనగరం దాటకముందే చూసేసి ఉంటుంది. దగ్గర్లో జరిగే చిన్న పోటీలకి, రేటింగ్ లేనివాటికి కూడా, తీసుకెళ్లండి. ఓడిన ఆ ఒక్క ఆట స్కోర్‌షీటు పారెయ్యకుండా ఉంటే ఇద్దరూ బోర్డు మీద వేసి చూడండి. బోర్డు ముట్టుకోవట్లేదన్నారు కదా, మీరు పావులు పేర్చండి, కావాలనే రాజునీ మంత్రినీ తారుమారుగా పెట్టండి. సరిచెయ్యకుండా ఉండలేదు.

ప్రశ్న: మనవడికి తొమ్మిదేళ్లు. ఫోన్లో ఆడతాడు. యాప్‌లో 1350 ఉంది. వాడిని బంటు, గుర్రం అంటూ కూర్చోబెట్టకుండా నేరుగా మంత్రి లెవల్‌లో వేసుకుంటారా? రోజూ వంద ఆటలు ఆడతాడండీ!
— ఒక తాతగారు, గుణుపురం

జవాబు: తాతగారూ, రోజుకి వంద ఆటలంటే అవి ఒక్కోటీ నిమిషం, రెండు నిమిషాల ఆటలై ఉండాలి. అందులో ఆలోచన ఉండదు, వేలు ఉంటుంది. యాప్‌లో అంకెకీ ఫిడే రేటింగ్‌కీ చుట్టరికం లేదు, పోల్చకండి.

తీసుకురండి, చూస్తాను. కానీ బోర్డు దగ్గర వాడికి కొత్తగా తగిలేవి ఇవి. ఫోన్లో తప్పుడు ఎత్తు వేస్తే పావు వెనక్కి జారిపోతుంది. బోర్డు మీద చెల్లని ఎత్తు వేసి గడియారం నొక్కితే అవతలివాడికి రెండు నిమిషాలు కలుపుతారు, అదే ఆటలో రెండోసారి వేస్తే ఆట పోయినట్టే. ఇది పెద్ద ఆటల సంగతి. ఫోన్లో వేలు ఏ పావు మీదైనా తిరగొచ్చు. బోర్డు మీద ఆడాలని ముట్టుకున్నావంటే కదపాల్సిందే. ఏ చేత్తో పావు కదిపాడో అదే చేత్తో గడియారం నొక్కాలి. ఎత్తు ఎత్తుకీ కాగితం మీద రాయాలి. ఇక హాల్లో జేబులో ఫోను మోగిందంటే చెప్పక్కర్లేదు.

ఇల్లలకగానే పండగ కాదు గానీ, వాడి ఇల్లు అలికే ఉంది, అది ఒప్పుకుంటాను. ఫోన్లో అన్ని ఆటలు ఆడినవాడికి ఫోర్కులూ పిన్నులూ చాలా త్వరగా కనిపిస్తాయి, నా పిల్లల కంటే త్వరగా. మొదటి రోజే ఒంటె పరీక్ష పెడతాను. పాసైతే గుర్రం కూడా రాయిస్తాను. తిరగేసి అనుకోకండి. దానం గడి సున్నా కావడానికి వాడికే ఎక్కువ కాలం పడుతుంది. ఇంతకు ముందు వచ్చిన ఇద్దరు ఫోను పిల్లలతోనూ అదే అయింది.

ప్రశ్న: మేము కాశీనగర్‌లో ఉంటాం. బాబు ఒడియా మీడియం. బంధువులంతా శ్రీకాకుళం జిల్లాలోనే. పాతపట్నం, టెక్కలి వైపు పోటీలకి పంపొచ్చా? వాడి పుట్టినరోజు 2015 డిసెంబర్ 28. తొమ్మిదేళ్ల లోపు విభాగంలో ఆడతాడనుకుంటే 2025లో కుదరదన్నారు.
— ఒక తల్లి

జవాబు: పోటీల్లో రెండు రకాలు అమ్మా. ఓపెన్ టోర్నమెంట్లు, రేటింగ్ టోర్నమెంట్లు ఏ రాష్ట్రం వాళ్లయినా ఆడొచ్చు. నేను మా పిల్లల్ని మహేంద్రతనయ వంతెన దాటించి ఎన్నిసార్లు తీసుకెళ్లానో లెక్కలేదు. జిల్లా, రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు వేరు. ఒక ఆటగాడు ఒక రాష్ట్రం తరఫునే రిజిస్టర్ అవుతాడు, కాబట్టి వాడు గజపతి జిల్లా నుంచి ఒడిశాకే ఆడాలి. చుట్టాలందరూ అటే ఉన్నా సరే.

వయసు విషయం కఠినంగా ఉంటుంది గానీ సరళమే. మన దేశంలో జాతీయ విభాగాలు 7, 9, 11, 13 ఇలా బేసి అంకెల్లో. ఆ ఏడాది జనవరి 1 నాటికి లెక్క. 2025లో తొమ్మిది లోపు విభాగానికి 2016 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. నాలుగు రోజుల్లో తప్పిపోయింది. మీ బాధ అర్థమైంది, కానీ పదకొండు లోపు విభాగంలో రెండేళ్లు ఆడతాడు కదా. డాక్టరుగారిని అప్పట్లో అడగాల్సింది, ఇప్పుడు చేసేదేం లేదు.

పుస్తకం ఇంగ్లీషు, బడి ఒడియా, ఇల్లు తెలుగు అని బెంగ పెట్టుకోకండి. ఎత్తులు రాసేది అక్షరం, అంకె. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఇక్కడ మూడు భాషలు కలిసినా పిల్లలు తిక్కపడరు.

ప్రశ్న: మా అమ్మాయికి 13. మీ పద్ధతిలో అయితే ఏనుగు స్థాయి అనుకోండి. ఇప్పుడు వాళ్ల నాయనమ్మ, పెద్దపిల్ల అయింది, అబ్బాయిలతో పోటీలకి పంపొద్దంటోంది. అమ్మాయిల విభాగంలో మాత్రమే ఆడిస్తే ఎదుగుదల ఆగిపోతుందా?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: 'ఓపెన్' అని రాసి ఉంటే దాని అర్థం అబ్బాయిల విభాగం కాదు. ఎవరైనా ఆడొచ్చు. మహిళలకి టైటిల్స్ వేరుగా ఉన్నాయి, మహిళా గ్రాండ్‌మాస్టర్‌కి 2300 రేటింగ్ కావాలి, గ్రాండ్‌మాస్టర్‌కి 2500. కానీ గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌కి ఆడా మగా లేదు. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లోనే, పదిహేనేళ్లకి, ఆ టైటిల్ తెచ్చుకుంది. 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ ఆమెకీ నాగపూర్ దివ్య దేశ్‌ముఖ్‌కీ మధ్య జరిగింది. దివ్యకి అప్పుడు 19 ఏళ్లు, గెలిచింది, ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టర్ అయింది. మన ఒడిశాలోనే పద్మినీ రౌత్ 2014 నుంచి 2017 దాకా వరసగా నాలుగుసార్లు జాతీయ మహిళా ఛాంపియన్. నాయనమ్మ గారికి ఈ పేర్లు చెప్పినా ఆవిడ మనసు మారదనుకోండి. నాకు తెలుసు.

మా నాన్నగారు అరుగు మీద సుద్దతో గళ్లు గీసి నాకు ఆట నేర్పారు. కటక్‌లో పోటీలున్నాయని తెలిసి వెళ్తానన్నాను. అప్పుడు నాకూ పదమూడే. నేర్పిన ఆయనే వద్దన్నారు. ఎవరితో పంపాలి, ఎక్కడ పడుకుంటావు అన్నారు. చూడండి, ఆయన అడిగినవి చదరంగం ప్రశ్నలు కావు. అందుకే నాయనమ్మ గారితో చదరంగం గురించి వాదించకండి. ఎవరు వెంట వెళ్తారు, రాత్రి ఎక్కడ ఉంటారు, ఎన్నింటికి ఇల్లు చేరతారు, ఇవి కాగితం మీద రాసి చూపించండి. వీలైతే ఒకసారి ఆవిడనే వెంట తీసుకెళ్లండి. హాలు బయట కూర్చున్న తల్లుల మధ్య ఆవిడకి కాలక్షేపం బాగానే అవుతుంది.

ఎదుగుదల గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. ఏనుగు దాటాలంటే తనకంటే బలమైనవాళ్లతో ఓడిపోతూ ఉండాలి. మన జిల్లాల్లో అమ్మాయిల విభాగంలో కొన్నిసార్లు అయిదారుగురే వస్తారు. వాళ్లలో బలమైనవాళ్లు ఎందరో లెక్కపెట్టుకోండి. కాబట్టి రెండూ ఆడించండి.

ప్రశ్న: టీచరమ్మా, నేను ఏనుగు లెవల్. మా చెల్లి బంటు లెవల్, ఆరేళ్లు. నిన్న నా దగ్గర రాజు, మంత్రి ఉన్నాయి. దాని దగ్గర ఒక్క రాజే ఉంది. దాని నల్ల రాజు ఏ8లో మూలన, నా మంత్రిని బీ6లో పెట్టాను. దాని రాజుకి వెళ్లడానికి ఎక్కడా గడి లేదు. నేను గెలిచానన్నాను. అది డ్రా అంది. అమ్మ నేనే గెలిచానంది. చెల్లి ఏడ్చింది. ఎవరు కరెక్టు?
— పదేళ్ల పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: చెల్లి.

బీ6 నుంచి నీ మంత్రి ఏ7, బీ7, బీ8 మూడింటినీ కాస్తోంది, బాగానే ఉంది. కానీ ఏ8 మీద చూపు పడుతోందా? పడదు. రాజుకి చెక్ లేదు, కదలడానికి గడి లేదు, ఎత్తు చెల్లిది. స్టేల్‌మేట్. నువ్వు బంటు పరీక్ష రాసినప్పుడు నేను బోర్డు మీద పెట్టింది ఈ బొమ్మే, అప్పుడు నువ్వు సరిగ్గానే చెప్పావు. నా నోట్‌బుక్కులో ఉంది.

అమ్మకి చూపించు. ఆదివారం చెల్లిని కూడా తీసుకురా, దానికి గుర్రం పేజీ తెరుస్తాను. నీ ఏనుగు పేజీ పక్కన పెట్టాను, మంత్రితో ఆట కట్టు మళ్లీ ఒకసారి చూపించాకే తీస్తాను. వచ్చేటప్పుడు పెన్సిల్ కాదు, పెన్ను తెచ్చుకో.